షాగ్స్ మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో గ్యారేజ్ రాక్ (1960ల్లో అమెరికాలో ఊరూరా కుర్రాళ్లు ఇంటి షెడ్లలో వాయించుకున్న రాక్ సంగీతం) మీద రాసిన వ్యాసంలో షాగ్స్ అనే అమెరికన్ బ్యాండ్ గురించి ఒక్క పేరా రాశాం. 1969లో వాళ్లు చేసిన "ఫిలాసఫీ ఆఫ్ ద వరల్డ్" ఆల్బమ్‌ని కొందరు లోకంలో ఇంతకంటే చెత్త రికార్డు లేదన్నారు, ఇంకొందరు నెత్తిన పెట్టుకున్నారు అని. మిగతా వ్యాసం అంతా వదిలేసి ఆ పేరా మీదే ఉత్తరాలు వచ్చాయి, అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాళ్లకే ఇచ్చేస్తున్నాం.

ప్రశ్న (విజయవాడ నుంచి ఒక బీటెక్ స్టూడెంట్): అన్నా, మీరు రాశారని ఆ పాటలు పెట్టుకుని విన్నా. ఇయర్‌ఫోన్స్ పోయాయేమో అని వేరేవి పెట్టి మళ్లీ విన్నా, అదే గోల. గిటార్ ఒక దారి, డ్రమ్స్ ఇంకో దారి. ఇలా వాయించేవాళ్లని పెద్ద పెద్ద క్రిటిక్స్ నిజంగానే మెచ్చుకున్నారా, లేక మెచ్చుకున్నట్టు నటించి ఎగతాళి చేశారా?

జవాబు: రెండూ జరిగాయి తమ్ముడూ, ఒక్కోసారి ఒకే రివ్యూలో రెండూ జరిగాయి. అది అర్థం కావాలంటే ముందు వీళ్లెవరో తెలియాలి.

అమెరికాలో న్యూ హాంప్‌షైర్ అనే చిన్న రాష్ట్రం, అందులో ఫ్రీమాంట్ అనే ఇంకా చిన్న ఊరు. అక్కడ ఆస్టిన్ విగ్గిన్ అని ఒక మిల్లు కార్మికుడు. వాళ్లమ్మ చేతులు చూసి జాతకం చెప్పేదట, కొడుక్కి మూడు మాటలు చెప్పింది: ఎర్రజుట్టు అమ్మాయిని చేసుకుంటావు, నేను పోయాక నీకు ఇద్దరు మగపిల్లలు పుడతారు, నీ కూతుళ్లు పేరున్న మ్యూజిక్ బ్యాండ్ అవుతారు. మొదటి రెండూ జరిగిపోయాయి, ఇంక మూడోది జరిపించడం తన బాధ్యత అనుకున్నాడు ఆయన. 1960ల మధ్యలో కూతుళ్లని స్కూల్ మాన్పించి, పోస్టులో వచ్చే పాఠాలతో ఇంట్లోనే చదివిస్తూ, వాయిద్యాలు కొనిచ్చి ప్రాక్టీస్‌కి కూర్చోబెట్టాడు. డాట్ లీడ్ గిటార్, పాట. బెట్టీ రెండో గిటార్, పాట. హెలెన్ డ్రమ్స్. ఆ తర్వాత నాలుగో చెల్లెలు రేచెల్ బేస్ గిటార్‌తో కలిసింది. పొద్దున ప్రాక్టీస్, రాత్రి భోజనాలయ్యాక మళ్లీ ప్రాక్టీస్, తోటి పిల్లలతో తిరగడాల్లేవు, బయటకి వెళ్లడాల్లేవు.

శనివారం రాత్రుళ్లు ఆ ఊరి టౌన్ హాల్లో ప్రోగ్రామ్ ఇచ్చేవాళ్లు, కుర్రాళ్లు వెక్కిరించేవాళ్లు, కూల్‌డ్రింక్ డబ్బాలు విసిరేవాళ్లు. అంటే ఈ బ్యాండ్‌కి మొట్టమొదటి క్రిటిక్స్ ఆ ఊరివాళ్లే, వాళ్ల తీర్పేంటో విసిరిన డబ్బాల్లోనే తెలిసిపోయింది. అయినా 1969 మార్చిలో తండ్రి వాళ్లని మసాచుసెట్స్‌లోని రివీర్ అనే ఊళ్లో ఫ్లీట్‌వుడ్ స్టూడియోకి తీసుకెళ్లి ఒక్కరోజులో ఆల్బమ్ రికార్డు చేయించాడు. పిల్లలు ఇంకా రెడీగా లేరండీ అని స్టూడియో ఇంజినీర్ చెప్తే, వేడి మీదున్నప్పుడే పట్టుకోవాలి అన్నాడట ఆయన. మొత్తం 12 పాటలు. 1000 కాపీలు వేయిస్తే అందులో 900 దాకా చేతికే రాలేదని, వేయించిపెడతానన్న మనిషి కనపడకుండా పోయాడని చెప్తారు. 1975లో తండ్రి గుండెపోటుతో 47 ఏళ్లకే పోయాడు, బ్యాండ్ కూడా ఆ రోజుతోనే ఆగిపోయింది.

ఇంతవరకు రివ్యూ అన్న మాటే లేదు చూడు. క్రిటిక్స్ అంటూ వచ్చింది బ్యాండ్ ఆగిపోయి ఐదేళ్లయ్యాక. అందుకే వాళ్లు మెచ్చుకున్నా తిట్టినా ఆ అమ్మాయిల ఎదురుగా ఉండి చేసింది కాదు, ఎప్పుడో మూలన పడిపోయిన ఒక వస్తువు దొరికితే దాని గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడారు. నాకు మొదటినుంచీ ఇబ్బంది అనిపించేది అక్కడే.

ప్రశ్న (తెనాలి నుంచి ఒక వీణ టీచర్): అయ్యా, శ్రుతి తల్లి, లయ తండ్రి అని మేము పిల్లలకి మొదటిరోజే చెప్తాం. మా మనవడు మీ పత్రిక చూసి ఆ పాట నాకు వినిపించాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ లేని దాన్ని సంగీతం అని మీరెలా అంటున్నారు? మొహమాటం లేకుండా చెప్పండి.

జవాబు: టీచర్ గారూ, మొహమాటం ఏమీ లేదు, శ్రుతి విషయంలో మీ మాటకి ఎదురు చెప్పను. రెండు గిటార్లూ ఒకదానితో ఒకటి శ్రుతి కలవలేదు, గొంతులు స్వరం మీద నిలబడవు, ఇది ఎవరు విన్నా తెలిసిపోయేదే. ఎంత గొప్ప క్రిటిక్ వచ్చి ఎన్ని మాటలు చెప్పినా ఆ గిటార్ శ్రుతిలోకి రాదు.

కానీ లయ గురించి మాత్రం ఒక్కసారి ఆగి వినమని అడుగుతాను. మీ మనవణ్ణి "మై పాల్ ఫుట్ ఫుట్" పాట పెట్టమనండి. ఊరంతా తిరిగే పిల్లి మీద పాట, ఫుట్ ఫుట్ అనేది డాట్ పెంచుకున్న పిల్లి పేరు. అది కనపడకపోతే దాని ఇంటికెళ్లి తలుపు కొడుతుంది, అదిప్పుడు ఇక్కడ ఉండట్లేదు అంటారు. సాహిత్యం అంతే. మొదట హెలెన్ డ్రమ్స్ ఒక్కటే వస్తుంది, తర్వాత గిటార్లు, పాట. ఇప్పుడు గొంతుని వదిలేసి లీడ్ గిటార్ ఒక్కదాన్నే పట్టుకోండి. డాట్ ఏ అక్షరం పాడుతుందో ఆ అక్షరానికి గిటార్ మీద ఒక మీటు పడుతుంది, ఎక్కడా తప్పదు. వీణ మీద సాహిత్యాన్ని అనుసరించి మీటడం మీకు నేను చెప్పేదేముంది, ఆ పని ఈ అమ్మాయి తనకొచ్చిన పద్ధతిలో చేస్తోంది. సమస్య ఎక్కడంటే ఆమె రాసుకున్న లైన్లు సమానంగా ఉండవు, ఒక లైనులో మాటలు ఎక్కువుంటే పాట అంత పొడుగు సాగుతుంది, తక్కువుంటే అక్కడే తెగుతుంది. తాళం గీత గీసుకుని అందులో మాటలు కూర్చడం కాకుండా, మాట ఎంతుంటే తాళం అంత. ఇక హెలెన్ మాత్రం తను నేర్చుకున్న డ్రమ్ దెబ్బని తన లెక్కలో తను వాయించుకుంటూ పోతుంది, పాట సాగినా ఆగినా దానికి పట్టదు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన నడుస్తుంటే మన చెవికి అంతా చెదిరిపోయినట్టు ఉంటుంది.

ఇంకో సంగతి కూడా చెప్తారు. రికార్డింగ్ జరుగుతుంటే మధ్యలో ఠక్కున ఆపేసి, తప్పు పోయింది మళ్లీ మొదటినుంచి అనేవాళ్లట. అద్దం అవతల ఉన్న స్టూడియో ఇంజినీర్లకి ఆ తప్పేంటో బొత్తిగా అర్థమయ్యేది కాదట. ఈ కథ చెప్పి అందరూ నవ్వుతారు, నాకైతే ఇందులో నవ్వాల్సింది కనిపించదు. తప్పు పోయిందని తెలిసిందంటే ఒప్పు ఏదో వాళ్లకి తెలుసన్నమాట. ఆ పాట ఎలా ఉండాలో ముగ్గురి బుర్రలోనూ ఉంది, అది మన బుర్రలో లేదు. మీకు నచ్చాలని నేననను టీచర్ గారూ, ఇష్టమొచ్చినట్టు కొట్టేశారు అన్న మాట మాత్రం నిజం కాదు.

ప్రశ్న (హన్మకొండ నుంచి): ఫ్రాంక్ జప్పా అంతటి రాక్ సంగీతకారుడు షాగ్స్ బీటిల్స్ కన్నా గొప్ప అన్నాడని ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ఉంది. అన్నాడా, అనలేదా?

జవాబు: 1970ల మొదట్లో డాక్టర్ డిమెంటో అనే ఆయన రేడియో షోకి వెళ్లినప్పుడు జప్పా వీళ్ల పాటలు వేయించాడు, అంతవరకు గట్టి మాట. "బీటిల్స్ కన్నా గొప్ప" అన్న మాటకి మాత్రం ఆయన అన్నట్టు గట్టి ఆధారం లేదు, నోటికి నోటికి పాకిపోయింది. ఆ మాట అచ్చులో కనిపించేది 1981లో, విలేజ్ వాయిస్ పత్రికలో రాక్ విమర్శకుడు లెస్టర్ బ్యాంగ్స్ రాసిన వ్యాసానికి పెట్టిన హెడ్డింగ్‌లో. పెద్ద పేరుకి తగిలిస్తే మాటకి బరువొస్తుంది కాబట్టి జనం జప్పాకి తగిలించేశారు. జప్పా ఆ రికార్డు రేడియోలో వినిపించడమే నా లెక్కలో ఎక్కువ, ఎందుకంటే అప్పటికి ఆ ఆల్బమ్ ఉన్నది కొద్దిమంది చేతుల్లోనే.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి, జర్నలిజం చదువుతున్న అమ్మాయి): మేడమ్/సర్, రివ్యూలు ఏ సంవత్సరంలో ఎలా మారాయో వరసగా చెప్తారా? చెత్త అన్నవాళ్లు ఎప్పుడు గొప్ప అన్నారు, ఎందుకన్నారు?

జవాబు: అమ్మా, చెత్త అన్నవాళ్లే తర్వాత గొప్ప అన్నారు అనుకుంటే కొంచెం పొరపాటు. మొదటినుంచీ చెత్త అని నవ్వేవాళ్లూ గొప్ప అని వాదించేవాళ్లూ పక్కపక్కనే ఉన్నారు, ఒక్కో కాలంలో ఒక్కళ్ల గొంతు పైకొచ్చింది.

ఎన్.ఆర్.బి.క్యూ. అని ఒక రాక్ బ్యాండ్ ఉంది. అందులో టెర్రీ ఆడమ్స్, టామ్ ఆర్డొలీనో అనే ఇద్దరికి ఈ రికార్డంటే ప్రాణం, రౌండర్ అనే ఇండిపెండెంట్ కంపెనీని ఒప్పించి 1980లో మళ్లీ విడుదల చేయించారు. అక్కడ మొదలైంది అసలు గొడవ. రోలింగ్ స్టోన్ పత్రిక ఆ సంవత్సరానికి కమ్‌బ్యాక్ ఆఫ్ ద ఇయర్ అని వీళ్లకి బిరుదిచ్చింది. ఇల్లు దాటి ఎక్కడికీ పోనివాళ్లకి కమ్‌బ్యాక్ ఏంటి అంటే అందులో సగం ఆటపట్టింపు ఉంది, ఆ పత్రికలోనే మతి తప్పిన గాయక కుటుంబంలా ఉన్నారన్నట్టు ఒక పోలిక కూడా వేశారు. అదే పత్రిక రివ్యూలో దారుణంగా ఉంది, అద్భుతంగానూ ఉంది అన్న అర్థం వచ్చేలా రాశారు. నువ్వు రివ్యూలు రాసే పనిలోకి వెళ్తావు కాబట్టి ఇది గుర్తుపెట్టుకో, అలా రెండు మాటలు కలిపి రాస్తే చదవడానికి బానే ఉంటుంది కానీ అందులో పాట గురించి తెలిసేది ఏమీ ఉండదు, రాసినవాళ్లు ఎటూ తేల్చుకోలేదని తెలుస్తుంది, అంతే.

మరుసటి ఏడాది బ్యాంగ్స్ రాసింది వేరే రకం. వీళ్లకి వాయించడం ఒక్క ముక్క రాదు అని మొహం మీదే చెప్పేసి, కానీ రాక్ అండ్ రోల్‌కి కావాల్సింది వాయింపు కాదు, ఆ తెగింపు, ఆ మనసు, అది వీళ్ల దగ్గర ఉంది అన్నాడు. అప్పుడే పంక్ అనే మొరటు రాక్ వచ్చి అమెరికాలో ఇంగ్లండ్‌లో అంతా కలగాపులగం చేసిన రోజులు, గిటార్ మీద మూడు కార్డ్స్ (స్వరాల గుత్తులు) వస్తే చాలు బ్యాండ్ పెట్టేయండి అంటున్న రోజులు. ఆ వాదనకి షాగ్స్ భలే పనికొచ్చారు. 1969లో ఈ ఆల్బమ్ వినుంటే ఎవరూ నోరెత్తేవాళ్లు కాదేమో, 1981కి చెవులు మారిపోయాయి. పాట మారలేదు, వినేవాళ్లు మారారు. బ్యాంగ్స్ అంటే నాకు చాలా గౌరవం, ఆయన ప్రేమ నిజమైనదే, కానీ ఆ వ్యాసంలో షాగ్స్ కంటే ఆయన అప్పుడు పోట్లాడుతున్న పోట్లాట ఎక్కువ కనిపిస్తుంది నాకు.

వాళ్లందరిలో పాటనే పట్టుకుని మాట్లాడినవాడు టెర్రీ ఆడమ్స్. ఆయన క్రిటిక్ కాదు, పియానో వాయించే మనిషి. వీళ్ల ట్యూన్ల నడక, పాటల కట్టుబడి వింటే ఆర్నెట్ కోల్‌మన్ ఫ్రీ జాజ్ గుర్తొస్తుంది అన్నాడు. ఆర్నెట్ కోల్‌మన్ అంటే జాజ్‌లో తాళాన్నీ స్వరాల చట్రాన్నీ విప్పేసిన మహానుభావుడు. ఆ పోలిక సరైందా కాదా అని వాదించుకోవచ్చు, ఆయన తెలిసి విప్పాడు, వీళ్లు తెలియక విప్పారు అనొచ్చు, కానీ కనీసం ఆ వాదన పెట్టుకోవాలంటే పాట వినాలి.

1990ల్లో నిర్వాణ బ్యాండ్ కర్ట్ కోబెయిన్ తన డైరీలో రాసుకున్న ఇష్టమైన ఆల్బమ్స్ లిస్టులో "ఫిలాసఫీ ఆఫ్ ద వరల్డ్" ఐదో నంబర్. ఆ డైరీలు అచ్చయ్యాక కొత్త తరం అంతా అటు నుంచి వచ్చింది. 1999లో ఆర్.సి.ఎ. విక్టర్ లాంటి పెద్ద కంపెనీ ఆ ఆల్బమ్ వేసింది, అదే ఏడాది న్యూయార్కర్ పత్రికలో సూజన్ ఓర్లీన్ అనే రచయిత్రి ఆ ఊరికెళ్లి అక్కచెల్లెళ్లతో మాట్లాడి పెద్ద వ్యాసం రాసింది. అప్పటిదాకా ఇది నవ్వులాటా, కళా అని కొట్టుకుంటున్నవాళ్లకి ఆ ఇంట్లో ఏం జరిగిందో అప్పుడు తెలిసింది. 2001లో వేరే ఆర్టిస్టులు వీళ్ల పాటలు పాడి ట్రిబ్యూట్ ఆల్బమ్ తెచ్చారు, 2011లో న్యూయార్క్‌లో వాళ్ల కథ మీద మ్యూజికల్ నాటకం వేశారు, 2016లో లైట్ ఇన్ ద యాటిక్ అనే కంపెనీ ఇంకోసారి రికార్డు వేసింది. 1969 నాటి ఒరిజినల్ కాపీ ఇప్పుడు వేల డాలర్లు పలుకుతుంది.

ప్రశ్న (డాలస్ నుంచి ఒక తల్లి): మా ఇద్దరు అమ్మాయిల్ని నేను కూడా రోజూ పియానో క్లాస్‌కి, సంగీతం క్లాస్‌కి తిప్పుతుంటాను, అందుకేనేమో ఈ కథ చదివి నిద్ర పట్టలేదు. పిల్లలు వద్దన్నా తండ్రి బలవంతాన చేయించిన పాటల్ని మనం అహా ఓహో అనడం ధర్మమేనా? వినకుండా ఉంటేనే మంచిదేమో కదా అండీ?

జవాబు: అమ్మా, మీరు అడిగింది చాలామంది క్రిటిక్స్ ఏళ్లపాటు అడగలేదు, అందుకే మీ ప్రశ్న చదివి నాకు చాలా సంతోషమేసింది.

ఆ రికార్డు అట్ట వెనక తండ్రి రాసిన మాటలున్నాయి. వీళ్లు అసలుసిసలువాళ్లు, కల్తీ లేనివాళ్లు, బయటి ప్రభావాలేవీ వీళ్ల మీద పడలేదు, వీళ్ల సంగీతం వీళ్లదే అని. తరవాత వచ్చిన విమర్శకులు చాలామంది తెలిసో తెలియకో ఆ మాటలే తిప్పి తిప్పి రాశారు, అమాయకం, స్వచ్ఛం, లోకం అంటని సంగీతం అని. లోకం ఎందుకు అంటలేదో అడగాలి కదా. అంటనివ్వలేదు కాబట్టి అంటలేదు. స్కూల్ మాన్పించి, స్నేహితుల్ని లేకుండా చేసి, ఇంట్లో కూర్చోబెడితే వచ్చిన దాన్ని స్వచ్ఛత అని మురిసిపోవడం నాకు ఎప్పటికీ మింగుడు పడదు. పైగా అదీ పూర్తి నిజం కాదు, ఆ పిల్లలు రేడియో వినేవాళ్లు, హెర్మన్స్ హెర్మిట్స్ లాంటి బ్యాండ్స్ అంటే పడి చచ్చేవాళ్లు, అందరు టీనేజ్ పిల్లల్లాగే. వాళ్లు చేయాలనుకున్నది మామూలు పాప్ పాటలే.

కానీ వినకుండా ఉండటమే ధర్మం అన్న దగ్గర నేను ఆగుతాను. బ్యాండ్ పెట్టింది తండ్రి, పాటలు రాసింది డాట్. "హూ ఆర్ పేరెంట్స్" అని ఒక పాట ఉంది, తల్లిదండ్రులంటే మనల్ని పట్టించుకునేవాళ్లు, మనకోసం ఎప్పుడూ ఉండేవాళ్లు అని చెప్పుకుంటూ పోతుంది. ఆ ఇంటి సంగతి తెలిశాక ఆ పాట వింటే గుండె పట్టేస్తుంది, నిజంగా నమ్మి రాసిందా, నమ్మాలని రాసిందా, తండ్రి వింటాడని రాసిందా తేలదు. "థింగ్స్ ఐ వండర్", "వై డూ ఐ ఫీల్", "వాట్ షుడ్ ఐ డూ" అన్న పాటల పేర్లు చూడండి, అన్నీ ప్రశ్నలే, బయట అడగడానికి మనిషి లేని అమ్మాయి పాటలో అడుగుతోంది. టైటిల్ పాటలో డబ్బున్నవాళ్లకి పేదవాళ్ల దగ్గరున్నది కావాలి, పేదవాళ్లకి డబ్బున్నవాళ్ల దగ్గరున్నది కావాలి, ఈ లోకంలో ఎవర్నీ ఎప్పటికీ మెప్పించలేం అంటుంది. శనివారం శనివారం డబ్బాలు విసిరించుకునే అమ్మాయి ఆ మాట ఊరికే రాయలేదు. మనం వినకపోతే ఆ తండ్రికి పోయేదేమీ లేదు, ఆయన ఎప్పుడో పోయాడు. పోయేది డాట్ మాట.

నేనైతే తండ్రి కథనీ కూతురి పాటనీ విడదీసి వినమంటాను. ఆయన చేసింది తప్పు, ఆ తప్పు గురించి రాయకుండా ఈ ఆల్బమ్ మీద రాసిన రివ్యూ ఏదైనా సగం రివ్యూనే. అలాగే ఆ తప్పు గురించి మాత్రమే రాసి, డాట్ కట్టిన ట్యూన్ గురించి ఒక్క ముక్క రాయకపోతే అది కూడా ఆమెకి అన్యాయమే, ఆమెని బాధితురాలిగా తప్ప పాటలు కట్టే మనిషిగా చూడకపోవడమే. నాన్న చెప్పాడు కాబట్టి చేశాం అనే మాట ఆ అక్కచెల్లెళ్లే చెప్పుకున్నారు, ఆయన పోగానే బ్యాండ్ ఆపేశారు కూడా. అయినా డాట్ పాటలు రాయడం అక్కడితో అయిపోలేదు, దాని గురించి కింద వస్తుంది.

మీ అమ్మాయిల గురించి మీరు అడగలేదు కానీ, ఇంత ఆలోచించే అమ్మ ఉన్న పిల్లలకి ఆ భయం లేదు.

ప్రశ్న (కర్నూలు నుంచి): గ్యారేజ్ రాక్ అంటే సోనిక్స్ బ్యాండ్ లాంటి హోరు కదా, ఈ పిల్లి పాటల్ని గ్యారేజ్ రాక్‌లో ఎందుకు కలిపారు?

జవాబు: మీరన్న హోరు అందులో ఒక రకం. 1960ల్లో బీటిల్స్ అమెరికా వచ్చిపోయాక ఊరూరా కుర్రాళ్లు చవక గిటార్లు కొనుక్కుని, ఇంటి షెడ్లలో వాయించుకుని, ఊళ్లో ఉన్న స్టూడియోలో సొంత డబ్బుతో నాలుగు వందలో వెయ్యో కాపీలు వేయించుకునేవాళ్లు, దానికి గ్యారేజ్ అన్న పేరు బాగా స్థిరపడింది 1970ల్లో. 1972లో లెనీ కే అనే ఆయన అలాంటి పాటలతో "నగ్గెట్స్" అనే కలెక్షన్ తెచ్చాక ఆ మరుగున పడ్డ బ్యాండ్స్‌ని వెతుక్కునే పిచ్చి మొదలైంది, షాగ్స్ రికార్డుని పట్టుకున్నదీ అలాంటి వెతుకులాటలో ఉన్నవాళ్లే. పుట్టుక చూస్తే షాగ్స్ పక్కా గ్యారేజ్, వినికిడి చూస్తే ఔట్‌సైడర్ మ్యూజిక్ (సంగీత లోకానికి బయట ఉండి, దాని పద్ధతులు తెలియకుండా చేసుకున్న సంగీతం) అంటారు, ఇర్విన్ చుసిడ్ అనే ఆయన 2000లో ఆ బాపతు సంగీతం మీద పుస్తకం రాసి వీళ్లని అందులో ముందు పెట్టాడు. నాకు గ్యారేజ్ అనడమే ఇష్టం, ఔట్‌సైడర్ అంటే ముందే గేటు బయట నిలబెట్టినట్టు ఉంటుంది.

ప్రశ్న (విశాఖపట్నం నుంచి ఒక కాలేజీ బ్యాండ్): మా డ్రమ్మర్‌కి టైమింగ్ లేదని ఫెస్ట్‌లో జడ్జీలు తీసిపారేశారు. షాగ్స్‌ని మెచ్చుకున్నవాళ్లు మమ్మల్ని ఎందుకు మెచ్చుకోరు? ఇది మా స్టైల్ అని చెప్పుకోవచ్చా?

జవాబు: చెప్పుకోకండి బాబూ, మీ మేలు కోరి చెప్తున్నాను. షాగ్స్ టైమింగ్ తప్పడాన్ని స్టైల్ అని పెట్టుకోలేదు, రోజుకి రెండు పూటలా ప్రాక్టీస్ చేసి, తమకి తెలిసినంతలో కరెక్టుగా వాయించారు. దాన్ని చూసి కావాలని తప్పు వాయించేవాళ్లు తర్వాత బోలెడంతమంది వచ్చారు, ఒక్కళ్లూ నిలబడలేదు, ఎందుకంటే అనుకుని చేసిన తప్పు చెవికి ఇట్టే దొరికిపోతుంది.

దీనికి మంచి రుజువు వాళ్ల దగ్గరే ఉంది. 1975లో వాళ్లు ఇంకోసారి రికార్డు చేశారు, అది 1982లో "షాగ్స్ ఓన్ థింగ్" పేరుతో వచ్చింది. అందులో ఫుట్ ఫుట్ పాట మళ్లీ వాయించారు, కార్పెంటర్స్ పాడిన "యెస్టర్‌డే వన్స్ మోర్" లాంటి వేరేవాళ్ల పాటలూ ఉన్నాయి. ఆరేళ్లలో వాయింపు చాలా మెరుగుపడింది, గిటార్లు దారిలోకొచ్చాయి, డ్రమ్స్ పాటతో నడుస్తుంది. చాలామంది విమర్శకులు మొదటిదే బాగుంది, ఇది మామూలైపోయింది అన్నారు. నాకు ఆ మాట నచ్చదు. ఏళ్ల తరబడి కష్టపడి నేర్చుకున్న పిల్లల్ని చూసి, నేర్చుకోకుండా ఉంటే బాగుండేది అనడం ఏం విమర్శ? 1969 ఫుట్ ఫుట్, 1975 ఫుట్ ఫుట్ వెంటవెంటనే వినండి, ట్యూన్ అదే ట్యూన్. మొదటిదాంట్లో పాట లేదు, అనుకోకుండా అలా వచ్చిందంతే అన్నవాళ్ల వాదన అక్కడే తేలిపోతుంది. మీ డ్రమ్మర్‌కి మెట్రోనోమ్ (టిక్ టిక్ అని తాళం లెక్క చెప్పే పరికరం) ఇవ్వండి, తీసేయకండి.

ప్రశ్న (రాజమండ్రి నుంచి): మొదట ఏ పాట వినాలి? ఆ అక్కచెల్లెళ్లు మళ్లీ ఎప్పుడైనా స్టేజ్ ఎక్కారా?

జవాబు: ఆల్బమ్ మొదటినుంచి చివరిదాకా ఒకేసారి వినొద్దు, అలసిపోతారు. ముందు "ఇట్స్ హాలోవీన్" వినండి, దెయ్యాల పండగ రాత్రి పిల్లల సందడి, అన్నిటికంటే తేలిగ్గా చెవికెక్కుతుంది. తర్వాత టైటిల్ పాట. తర్వాత "దట్ లిటిల్ స్పోర్ట్స్ కార్", రేచెల్ బేస్ వాయించింది ఈ ఆల్బమ్‌లో ఆ పాటలోనే, అడుగున ఒక తీగ మోగితే పాట ఎంత కుదుటపడుతుందో తెలుస్తుంది. ఫుట్ ఫుట్ నాలుగోది. ఒక్కోటి రెండుసార్లు వినండి, రెండోసారి లీడ్ గిటార్ వెంట వెళ్లండి. అప్పటికీ నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి, పెద్దవాళ్లు మెచ్చారని తలూపాల్సిన పనిలేదు.

స్టేజ్ ఎక్కారండీ. 1999లో ఎన్.ఆర్.బి.క్యూ. వాళ్లు తమ 30 ఏళ్ల పండగ న్యూయార్క్‌లో చేసుకుంటూ డాట్‌నీ బెట్టీనీ పిలిచి పాడించారు. హెలెన్ 2006లో పోయింది. 2013లో డాట్ తన పేరుతోనే బ్యాండ్ పెట్టి "రెడీ! గెట్! గో!" అని ఆల్బమ్ తెచ్చింది, పంక్ గాయకుడు జెల్లో బియాఫ్రాకి చెందిన ఆల్టర్నేటివ్ టెంటకల్స్ కంపెనీ వేసింది, అరవై దాటిన వయసులో, వెనక నుంచి ఎవరూ తోయకుండా. ఆ ఆల్బమ్‌కి మాత్రం పేపర్లలో మొదటిదానికి జరిగినంత చర్చ జరగలేదు, అది నాకు చాలా కష్టమనిపించింది, ఎందుకంటే తనంతట తను చేసింది అదే కదా. 2017లో విల్కో బ్యాండ్ మసాచుసెట్స్‌లో జరిపే సాలిడ్ సౌండ్ ఫెస్టివల్‌లో డాట్, బెట్టీ ఇద్దరూ షాగ్స్ పేరు మీద పాడారు. వెనక వాయించింది చేయి తిరిగిన మ్యూజీషియన్లు, పాత రికార్డు పెట్టుకుని ఆ పాటల్ని ఉన్నది ఉన్నట్టు దించాలని చూశారు. మామూలు తాళంలో వాయించేసి పాటల్ని సరిదిద్దలేదు, అది వాళ్ల గొప్పదనం.

డాట్ 2013 ఆల్బమ్ విన్నవాళ్లు ఎవరైనా ఉంటే ఎలా ఉందో రాయండి, దాని మీద వచ్చే ఉత్తరాలకి వచ్చే సంచికలో ఒక పేజీ ఉంచుతున్నాం.